వంగపండు రంగు కుళాయి

సిడ్నీకి వాయవ్యాన విండ్సర్ రోడ్డును ఆనుకుని పెరిగిన రౌస్ హిల్‌లో చాలా ఇళ్ళకు నీటి గొట్టాలు రెండు. ఒకటి మామూలు గొట్టం, రెండోది వంగపండు రంగుది. మీటర్లూ రెండే, పెరట్లో కుళాయిలూ రెండు రకాలే. వంగపండు రంగు కుళాయి పక్కన గోడకు చిన్న పలక బిగించి ఉంటుంది. రీసైకిల్డ్ వాటర్, తాగవద్దు అని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ గొట్టంలో వచ్చేవి ఆ చుట్టుపక్కల ఇళ్ళు వదిలిన మురుగునీళ్ళే. వాటిని శుద్ధి కేంద్రంలో తేర్చి, వడకట్టి, క్రిములు చంపి, మళ్ళీ ఆ ఇళ్ళకే పంపుతారు. అవి మరుగుదొడ్లోకి, తోటకు, కారు కడగడానికి. 2001లో మొదలైన ఈ ఏర్పాటు ఇప్పుడు 30 వేలకు పైగా ఇళ్ళకు విస్తరించింది. ఆస్ట్రేలియాలో ఇళ్ళకిచ్చే పునర్వినియోగ జల పథకాల్లో ఇదే పెద్దదని పేరు. ఈ నీళ్ళ గురించి ఇంజనీరు తోటి ఇంజనీరుకు ఒక మాటలో చెబుతాడు, ఆరోగ్యశాఖకు మరో మాటలో చెబుతాడు, పలక మీద ఇంటివాళ్ళకు ఇంకో మాటలో చెబుతాడు. నీళ్ళు అవే. శాస్త్ర పదాన్ని జనానికి వివరించడమంటే కష్టమైన మాట తీసేసి తేలికైన మాట పెట్టడమేనని మనం చాలాకాలంగా అనుకుంటూ వచ్చాం. ఈ కుళాయి వెనకున్న చరిత్రను, దాని పక్కనే మన తెలుగు శాస్త్రభాష చరిత్రను పెట్టి చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది. ఏ మాటా ఖాళీ చెవిలో పడదు. వినేవాడి ఊళ్ళో, వంటింట్లో, పొలంలో ఆ మాటకు అప్పటికే ఒక అర్థం కాపురముంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోని వివరణ ఎంత తేలికగా ఉన్నా దారి తప్పిస్తుంది.

రౌస్ హిల్‌కే పేరు మారిన చరిత్ర ఉంది. ఇది మొదట ఆదివాసులైన డారగ్ జనుల నేల. 1804 మార్చిలో ఖైదీలు తిరగబడితే సైనికులు వాళ్ళను ఈ దరిదాపుల్లోనే అణిచేశారు. దానికి వినెగర్ హిల్ పోరు అని పేరొచ్చింది. 1813లో రిచర్డ్ రౌస్ ఇక్కడ ఇల్లు కట్టడం మొదలుపెట్టాక వినెగర్ హిల్ అన్న పాత పేరు మరుగున పడి కొత్త పేరు నిలిచింది. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ తరవాత నూట డెబ్భై ఏళ్ళకు పైగా ఇది పొలాల ఊరే. 1990ల్లో ఇక్కడ వేల ఇళ్ళు కట్టాలనుకున్నప్పుడు ఎదురైన చిక్కు మురుగునీటిది. ఇక్కడి వాగులన్నీ చివరికి హాక్స్‌బరీ నదిలో కలుస్తాయి. ఊళ్ళ మురుగులో మిగిలే నత్రజని, భాస్వరం వల్ల ఆ నదిలో నాచు పేరుకుపోతోందని అప్పటికే ఆందోళన ఉంది. నదిలోకి వదిలేది తగ్గాలి, తాగే నీటి మీద ఒత్తిడీ తగ్గాలి. అందుకని ఇళ్ళు కట్టకముందే రెండో గొట్టం నేలలో వేశారు. ఇక్కడొకసారి ఆగి ఆ రెండు మాటలు చూడాలి. నత్రజని, భాస్వరం అనగానే తెలుగు రైతుకు ఎరువుల బస్తా గుర్తొస్తుంది. పైరుకు బలం, ఆకుకు పచ్చదనం. వ్యవసాయ శాఖ కరపత్రాలూ, రేడియోలో పొలం కార్యక్రమాలూ ఆ మాటలకు అలాంటి మంచి పేరే తెచ్చిపెట్టాయి. అవే మాటలు నది గురించి రాసే పరిశోధకుడి వ్యాసంలో కాలుష్యాల పట్టికలోకి ఎక్కుతాయి. పైరును పెంచే గుణమే నాచునూ పెంచుతుందని, చేలో బలమైనది నదిలో చేటు అవుతుందని ఒక్క వాక్యం చెబితే తప్ప, రైతు కుటుంబం నుంచి వచ్చిన పాఠకుడికి ఆ వ్యాసం అడ్డం తిరుగుతుంది. అతనికి ఆ మాట తెలియక కాదు, బాగా తెలిసి ఉండడం వల్ల.

తెలుగులో శాస్త్రానికి మాటలు కట్టే పని ఒక ఉద్యమంగా మొదలైంది 1906లో, హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టినప్పుడు. కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు చరిత్రతో పాటు రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం తెలుగులో అచ్చు వేయించారు. చదివేవాడికి ఇంగ్లీషు రాకపోయినా శాస్త్రం అందాలన్నది వాళ్ళ పట్టుదల. దానికి సంస్కృత ధాతువులే సాధనం. ఆక్సిజన్ ఆమ్లజని అయింది, హైడ్రోజన్ ఉదజని, నైట్రోజన్ నత్రజని. మాట చూడగానే అర్థం తట్టాలన్నది సూత్రం. గొప్ప సూత్రమే, కానీ దానిలో ఒక ప్రమాదం దాగి ఉంది. ఆమ్లజని అంటే ఆమ్లాలను పుట్టించేది. ఆ వాయువుకు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లవోజియే పెట్టిన పేరుకు గ్రీకులో అర్థం అదే. ప్రతి ఆమ్లంలోనూ అది ఉండి తీరుతుందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తప్పని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆ వాయువు లేనే లేదని 1810 నాటికే హంఫ్రీ డేవీ చూపించాడు. అప్పటికి పేరు పాతుకుపోయింది. ఇంగ్లీషు చదువరికి ఆక్సిజన్ అన్న శబ్దంలో గ్రీకు వినపడదు కాబట్టి ఆ తప్పు నిద్రపోయింది. తెలుగులోకి అర్థాన్ని అనువదించి తెచ్చేసరికి నూరేళ్ళ కిందట కొట్టేసిన తప్పు మళ్ళీ కళ్ళు తెరిచింది. ఇల్లాలికీ, రోగి బంధువుకీ మాత్రం ఆమ్లజనితో పని పడలేదు. వాళ్ళకు ప్రాణవాయువు సరిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డవాడికి కావలసిన అర్థమంతా ఆ మాటలో ఉంది. అలాగని ప్రాణవాయువు అన్న మాటతో రసాయన సమీకరణం రాయలేం. ఉదజని బాంబు కాలం దాకా పత్రికల్లో బతికి తరవాత హైడ్రోజన్‌కు చోటిచ్చి తప్పుకుంది. నత్రజని మాత్రం చేను పట్టుకుని నిలబడింది. ఏ మాట ఉండాలో, ఏది పోవాలో తేల్చింది పండితుల సభ కాదు, ఆ మాటతో రోజూ పని పడ్డవాళ్ళు.

హైదరాబాదులోనే ఇంకో ప్రయోగం జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టి, వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉర్దూలో పాఠ్యగ్రంథాలు తయారు చేయించారు. అరబ్బీ, ఫార్సీ ధాతువుల నుంచి వేల మాటలు పుట్టాయి. 1948 తరవాత బోధన ఇంగ్లీషుకు మారగానే వాటిలో చాలా మాటలకు వాడేవాళ్ళు లేకుండా పోయారు. ఇక 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమి కాలేజీ పుస్తకాల కోసం శాస్త్రానికొక పారిభాషిక పదకోశం చొప్పున వేయించింది. ఆ శ్రమను తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. పల్లెల నుంచి వచ్చిన ఎందరో పిల్లలు ఆ పుస్తకాలతోనే డిగ్రీలు గట్టెక్కారు. కాకపోతే ఈ ప్రయత్నాలన్నీ పాఠకుడంటే విద్యార్థి అన్న ఊహ మీద కట్టినవి. విద్యార్థికి మాట వెనకాల గురువుంటాడు, పక్కన ప్రయోగశాల ఉంటుంది, ముందు పరీక్ష ఉంటుంది. కుళాయి దగ్గర నిలబడ్డ మనిషికి వీటిలో ఏదీ ఉండదు.

దీనికి ఎదురు దారి ఒకటి మన భాషలోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువరించింది. అందులో వ్యవసాయ పదాలు. జిల్లా జిల్లాకూ తిరిగి, పనిచేసేవాళ్ళ నోటి నుంచే మాటలు ఏరిన పని అది. తూము, అలుగు, మడవ, బోదె లాంటివి చూస్తే సాంకేతిక పదమంటే ఏమిటో తెలుస్తుంది. ఒక్కోటీ ఒక్క వస్తువునే చూపిస్తుంది, దాంతో ఏం చెయ్యాలో కూడా చెబుతుంది. నీళ్ళ విషయంలో ఇళ్ళలోనూ ఇలాంటి జంట ఒకటి ఉంది: మంచినీళ్ళు, వాడుకనీళ్ళు. మంచినీళ్ళంటే తాగేవి. వేరే బావి నుంచో చెరువు నుంచో మోసుకొచ్చి, మూతపెట్టిన బిందెలో, వంటింటి గట్టు మీద ఉంచేవి. వాడుకనీళ్ళు పెరట్లో గాబులో ఉంటాయి. అంట్లకు, బట్టలకు, కాళ్ళకు, మొక్కలకు. ఈ రెండూ కలవకుండా ముంతలు కూడా వేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. గుంటూరు జిల్లాలోనో నల్లగొండలోనో ఉప్పునీళ్ళ బావి ఉన్న ఊళ్ళో పుట్టిన ఏ ఆడమనిషికైనా రౌస్ హిల్ ఇంజనీర్లు గొట్టాలు వేసి సాధించిన విభజన కొత్తది కాదు. ఇంజనీరింగు భాషలో పోటబుల్, నాన్ పోటబుల్ అని ఏది అంటారో, మన పాఠ్యపుస్తకాలు దాన్నే పానయోగ్యం, పానయోగ్యం కానిది అని రాశాయి. బిందెకూ గాబుకూ మధ్య ఉన్న మాటలు అచ్చుకెక్కడానికి అర్హమైనవిగా తోచలేదు కాబోలు.

అలాగని వంగపండు రంగు కుళాయికి వాడుకనీళ్ళు అని రాసేసి చేతులు దులుపుకోవచ్చా? అక్కడే అసలు చిక్కు. ఇంటి మాట తనతోపాటు ఇంటి అలవాట్లను కూడా వెంట తెస్తుంది. గాబు నీళ్ళతో స్నానం చేస్తాం. కాళ్ళు కడుక్కుని అదే చేత్తో నోరు పుక్కిలిస్తాం. రౌస్ హిల్ రెండో గొట్టం నీళ్ళు స్నానానికి కావు, పిల్లలు దిగి ఆడే తొట్టిలో నింపడానికి కావు, నోటికి అసలే కావు. పలక మీద తాగవద్దు అని ఉంది. తాగడం అన్న క్రియకు తెలుగింట్లో అర్థం గ్లాసుతో తాగడమే. పొద్దున్నే పెరట్లో నిలబడి సంధ్య వార్చుకునే పెద్దాయన అరచేతిలో నీళ్ళు పోసుకుని మూడుసార్లు ఆచమనం చేస్తే తాను నీళ్ళు తాగానని అనుకోడు. పళ్ళు తోముకుని పుక్కిలించి ఉమ్మినవాడూ అనుకోడు. ఆ పలకను తెలుగులోకి మాటకు మాట దించితే ఇద్దరూ తప్పు చెయ్యకుండానే ప్రమాదంలో పడతారు. నోట పెట్టవద్దు, ఒంటిమీద పోసుకోవద్దు అని రాస్తే ఇద్దరూ ఆగుతారు. ఇది ఇంగ్లీషు వాక్యానికి అనువాదం కాదు. ఆ వాక్యం ఆపాలనుకున్న పనులను ఈ ఇంట్లో ఏమంటారో కనుక్కుని రాసిన వాక్యం. శుద్ధి అన్న మాటదీ ఇదే కథ. శుద్ధి చేసిన నీరు అని రాస్తే సాంకేతికంగా తప్పు పట్టలేం. కానీ గత పాతికేళ్ళుగా తెలుగు ఊళ్ళలో శుద్ధజలం అంటే ఫిల్టర్ ప్లాంటు దగ్గర క్యాను పట్టి డబ్బులిచ్చి తెచ్చుకునే తాగునీరు. పైగా శుద్ధికి మడి వాసన కూడా ఉంది. దేవుడి దగ్గర పెట్టదగినదని అర్థం. ఆ మాట చూసినవాడు కుళాయి కింద చెంబు పెడితే తప్పు అతనిది కాదు. పునర్వినియోగ జలం అన్నా పూర్తిగా గట్టెక్కం. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలో పోయడం, అంట్లు కడిగిన నీళ్ళు అరటిచెట్టుకు మళ్ళించడం పునర్వినియోగమే కదా. మరుగుదొడ్డి నుంచి వచ్చిన నీరన్న సంగతిని ఆ పెద్ద మాట మెల్లిగా కప్పేస్తుంది.

విన్న ఊరిని బట్టి మాట ఎంత మారిపోతుందో చూడాలంటే ఫ్లోరైడ్‌ను మించిన ఉదాహరణ లేదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయిన మనుషులను పరీక్షించి, కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ నివేదికలు అవే. తరవాత నల్లగొండ పేరు ఆ జబ్బుకు పర్యాయపదమైపోయింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. పటిక ఎరగని తెలుగిల్లు ఉండదు కాబట్టి ఆ పద్ధతిని వివరించడానికి పెద్ద మాటలు అక్కర్లేకపోయింది. బురదనీళ్ళను పటికో చిల్లగింజో వేసి తేర్చుకోవడం ముందే తెలుసు. జబ్బు పేరు మాత్రం జనం తమ దారిన మార్చుకున్నారు. ఊళ్ళలో అది ఫ్లోరిన్. ఫ్లోరిన్ నీళ్ళు, ఫ్లోరిన్ కాళ్ళు. రసాయన శాస్త్రం ప్రకారం ఫ్లోరిన్ ఒక వాయు మూలకం, నీటిలో ఉండేది ఫ్లోరైడ్. తప్పు దిద్దవలసింది పరీక్ష పేపర్లో; బావి దగ్గర ఆ మాట సరైన పనే చేసింది, ఏ నీళ్ళు వదిలెయ్యాలో చెప్పింది. ఇప్పుడు ఆ జిల్లా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి రౌస్ హిల్‌లో దిగిందనుకుందాం. ఇక్కడ మంచినీళ్ళ కుళాయిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది, అదీ కావాలని కలిపింది. పళ్ళు పుచ్చకుండా ఉండాలని సిడ్నీ 1968 నుంచి కలుపుతోంది. దంతవైద్యుడి కరపత్రంలో ఫ్లోరైడ్ రక్షకుడు, మన పత్రికల శీర్షికల్లో ఫ్లోరైడ్ రక్కసి. ఒకే మాట, రెండు ఊళ్ళు, రెండు నిజాలు. వీటిని కలిపే వంతెన మోతాదు ఒక్కటే. సిడ్నీ నీటిలో లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము. మన దేశపు ప్రమాణం కూడా ఒకటిలోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చని అంటుంది. నల్లగొండ బోర్లలో కొన్ని దానికి ఎన్నో రెట్లు. లీటరుకు మిల్లీగ్రాము అన్నది కూడా చెవికి ఆనదు. మేడ మీద వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులో ఒక్క గ్రాము, అంటే చిటికెడు, అని చెబితే కంటికి కనిపిస్తుంది. అదే ట్యాంకులో అయిదారు చిటికెళ్ళు పడితే, ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే తాగితే ఏమవుతుందో ఆ కుటుంబానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ పరిశోధకుల వైపు నుంచి ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. పారిభాషిక పదం ఉన్నది కచ్చితత్వం కోసం. చిటికెడు, బిందె, గాబు అంటూ పోతే శాస్త్రం పలచబడుతుంది, తోటి శాస్త్రజ్ఞుడు ఆ వ్యాసాన్ని వాడుకోలేడు. నిజమే. కొన్నిచోట్ల నిపుణుల మాటే జనానికి కూడా మేలైనది. మురుగునీటిని తిరిగి వాడేటప్పుడు క్రిములు ఎంత తగ్గాయో చెప్పడానికి ఆస్ట్రేలియా మార్గదర్శకాలు లాగ్ లెక్కను వాడతాయి. జనానికి అర్థం కాదని దాన్ని శాతాల్లోకి మార్చి కరపత్రాల్లో వేస్తుంటారు. ఒక వడపోత 99.9 శాతం క్రిములను తీసేస్తుంది, మరొకటి 99.999 శాతం తీసేస్తుంది అంటే చూసినవాడికి రెండూ ఇంచుమించు ఒకటే. అసలు సంగతేమిటంటే, మొదటిదానిలో వెయ్యికి ఒక క్రిమి మిగులుతుంది, రెండోదానిలో లక్షకు ఒకటి. నూరు రెట్ల తేడా. శాతం ఆ తేడాను దశాంశ బిందువు వెనక దాచేస్తుంది. లాగ్ దాచదు: ఒకటి మూడు లాగ్, ఇంకొకటి అయిదు లాగ్. ఎన్ని లాగులో అన్ని సున్నాలు. ఏకం, దశం, శతం, సహస్రం అని స్థానాలు వల్లెవేసిన తరాలకు ఇది కొత్త లెక్క కాదు. సహస్రానికి ఒకటి, లక్షకు ఒకటి అంతే. కాబట్టి ఇక్కడ చెయ్యవలసింది నిపుణుడి మాటను తీసెయ్యడం కాదు, ఒక్క వాక్యం ఖర్చుపెట్టి దాన్ని పాఠకుడి చేతికివ్వడం. పరిశోధన వ్యాసంలో ఆ వాక్యం అక్కర్లేదు. పురపాలక సంఘానికిచ్చే నివేదికలో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే డబ్బు మంజూరు చేసే సభ్యులు ఆ రెండు శాతాలను చూసి చవకదాన్ని ఎంచుకునే అవకాశం ఉంది.

మాట వివరించకపోతే నగరమంతా ఎలా తల్లడిల్లుతుందో సిడ్నీ 1998లో చూసింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడుసార్లు, నీళ్ళు మరగకాచుకుని తాగమని హెచ్చరికలు వెలువడ్డాయి. దాదాపు 30 లక్షల మంది మీద వాటి ప్రభావం పడింది. క్రిప్టోస్పొరిడియం, జియార్డియా అన్న మాటలు అప్పటిదాకా పరాన్నజీవి శాస్త్రం చదివినవాళ్ళకే తెలుసు. వారంలో ప్రతి వంటింట్లోకీ వచ్చి కూర్చున్నాయి. ఆ క్రిములు నీటిలో ఉన్నాయని ప్రకటనలు చెప్పాయి. ఉన్నాయి అన్న చిన్న మాటలోనే గందరగోళమంతా ఉంది. పరీక్షలో లెక్కకు వచ్చిన క్రిమికోశాలు బతికున్నవో చచ్చినవో ఆ పద్ధతిలో తేలదు. నగరంలో జబ్బులు పెరిగిన జాడ కనిపించలేదు. తరవాత పీటర్ మెక్‌క్లెలన్ జరిపిన విచారణలో పరీక్షల లెక్కలమీదే గట్టి సందేహాలు వచ్చాయి. పరీక్షలో కనిపించాయి, బతికున్నాయో లేదో తెలియదు, అంతదాకా కాచుకోండి అని ముందే మూడు ముక్కల్లో చెప్పి ఉంటే భయం పోకపోయినా భయానికి ఒక కొలత దొరికేది. ఒక్కటి మాత్రం అర్థమైంది, కాచుకోవడం. మన ఊళ్ళలో కలరా, కామెర్ల కాలంలో ఆరోగ్య కార్యకర్తలు చెప్పిన కాచి చల్లార్చిన నీళ్ళు అన్న మాట ఇందుకే నా దృష్టిలో తెలుగులో పుట్టిన మేలైన శాస్త్ర పదాల్లో ఒకటి. అందులో క్రిమి పేరు లేదు, చెయ్యవలసిన పని ఉంది, ఏ వరసలో చెయ్యాలో కూడా ఉంది. ఎంత కాచాలి అన్నదానికీ మన దగ్గర మెట్లున్నాయి: నులివెచ్చన, గోరువెచ్చన, సలసల కాగడం, కళపెళ మరగడం. హెచ్చరికలో కావలసింది చివరి మెట్టు.

మాటల ఎంపిక అంటేనే అనుమానించేవాళ్ళు ఉన్నారు. మంచి పేరు పెట్టి చెడ్డ సరుకు అంటగట్టే ప్రచారకళ ఇది అని వాళ్ళ వాదన. దానికి ఆధారమూ చూపిస్తారు. క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబా పట్టణం కరవుతో అల్లాడుతూ, మురుగునీటిని బాగా శుద్ధి చేసి తాగునీటి జలాశయంలో కలపాలా అని 2006 జూలైలో ప్రజల ఓటు అడిగింది. ఒక పక్షం శుద్ధి చేసిన పునర్వినియోగ జలం అంది, మరో పక్షం మురుగు తాగిస్తారా అంది. దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. రెండు పక్షాల మాటల్లోనూ అబద్ధం లేదు. మొదటిది ఆ నీళ్ళు ఎక్కడ పుట్టాయో చెప్పలేదు, రెండోది మధ్యలో ఏం జరిగిందో చెప్పలేదు. పశ్చిమాన పెర్త్ నగరం ఇలాంటి నీటినే భూగర్భంలోకి ఎక్కించి తిరిగి తోడుకునే పనికి భూగర్భజల భర్తీ అని పేరు పెట్టింది. పేరు బాగుంది కాబట్టి జనం ఒప్పుకున్నారు అనుకుంటే పొరపాటు. 2010 నుంచి 2012 దాకా మూడేళ్ళు ప్రయోగాత్మకంగా నడిపి, జనాన్ని పిలిచి చూపించి, ఫలితాలు ముందు పెట్టాకే పూర్తి స్థాయి కేంద్రం 2017లో మొదలైంది. పేరు తలుపు తీసింది, లోపలికి నడిపించింది మూడేళ్ళ ఓపిక. అందువల్ల ప్రచారకళ అన్న అనుమానానికి నా జవాబు ఇది: పుట్టుకనూ ప్రయాణాన్నీ రెంటినీ చెప్పే మాట వివరణ అవుతుంది, ఏ ఒక్కటి దాచినా అది అమ్మకం అవుతుంది. ఇది మురుగునీరు, ఇన్ని మెట్లలో తేర్చాం, ఇందుకు మాత్రమే పనికొస్తుంది అని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు.

చివరి అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. సిడ్నీలో ఉన్న తెలుగువాళ్ళకు ఇంగ్లీషు వచ్చు, చాలామంది చదువుకుని ఉద్యోగాలకు వచ్చినవాళ్ళే, వాళ్ళకు తెలుగులో పలక ఎందుకు అని. 2021 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవాళ్ళు ఆస్ట్రేలియా మొత్తం మీద దాదాపు 59 వేల మంది. వాళ్ళలో అత్యధికులకు ఇంగ్లీషు వచ్చన్నది నిజమే. కానీ ఇంగ్లీషు రావడం వేరు, ఆ ఊరి నీళ్ళ చరిత్ర తెలియడం వేరు. కొత్త విషయాన్ని ఎవరి భాషలో వాళ్ళకు వివరించాలన్న సంగతి ఈ దేశం ఒకప్పుడు గుర్తించింది. 1975 జూలైలో మెడిబ్యాంక్ ఆరోగ్య పథకం మొదలవబోతుంటే, దాన్ని ఇంగ్లీషు రానివాళ్ళకు వివరించడానికే జూన్‌లో సిడ్నీలో 2ఇఎ, మెల్‌బోర్న్‌లో 3ఇఎ అనే రేడియో కేంద్రాలు పెట్టారు. ఇటాలియన్, గ్రీకు, అరబిక్ లాంటి భాషలు అందులో ఉన్నాయి. తెలుగు అప్పటికి ఆ వరసలో లేదు. ఒక బీమా పథకపు పదజాలం వివరించడానికి పుట్టిన ఆ కేంద్రాలే తరవాత ఎస్‌బీఎస్ రేడియోగా పెరిగాయి. ఇక ఇళ్ళ సంగతి చూస్తే, పగటిపూట పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసేది ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు కాదు. మనవల్ని చూసుకోవడానికి ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. ఎర్రరంగు కుళాయి అంటే వేడినీళ్ళని వాళ్ళకు తెలుసు. కాలిఫోర్నియాలో మొదలై ఇక్కడిదాకా వచ్చిన వంగపండు రంగుకు మన ఊళ్ళలో నీళ్ళతో సంబంధమే లేదు. రంగు కూడా ఒక పదమే, దాన్నీ ఎవరో ఒకరు చెప్పాలి. ఇంట్లో ఆ పని కొడుకో కోడలో చేస్తారు: అమ్మా, అవి వాడుకనీళ్ళు, మొక్కలకే, నోట పెట్టకండి. ఏ శాఖా రాయని అనువాదం అది.

ఆ వాక్యం ఇంకెంతకాలం సరిపోతుందో చెప్పలేం. రౌస్ హిల్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, క్వేకర్స్ హిల్‌లో, సిడ్నీ వాటర్ సంస్థ 2023లో ఒక ప్రదర్శన కేంద్రం తెరిచింది. అక్కడ మురుగునీటిని తాగే స్థాయికి తేర్చే విధానం చూపిస్తారు. వడపోతల్లో కీలకమైనది రివర్స్ ఆస్మాసిస్, అంటే నల్లగొండ ఊళ్ళలో ఫ్లోరిన్ తీసేసిన ఆర్ఓ. తెలుగింట్లో ఆ రెండక్షరాలకున్న పరపతి మరే శాస్త్ర పదానికీ లేదు. వంగపండు రంగు కుళాయి మీద ఉన్న రీసైకిల్డ్ అన్న మాటే ఆ కేంద్రం పేరులోనూ ఉంది. ఇక్కడ నోట పెట్టకూడనివి, అక్కడ తాగడానికి సిద్ధం చేస్తున్నవి. ఇంగ్లీషులో ముందు ప్యూరిఫైడ్ అని తగిలించి ఆ తేడా చూపిస్తున్నారు. తెలుగులో దాన్ని శుద్ధి చేసిన అని రాస్తే రెండు కుళాయిలూ కలిసిపోతాయి. ఆ ఒక్క ఇంగ్లీషు మాటకు మనకు రెండు మాటలు కావాలి. ఒకటి గాబు దగ్గర ఎప్పటినుంచో ఉంది. రెండోదాన్ని మంచినీళ్ళలో కలుపుకోవాలో, ఇంకో పేరు పెట్టాలో, పెరట్లో రెండు కుళాయిలూ చూసినవాళ్ళే తేల్చాలి.